హైమావతి కుట్టిన సీరియలు

సింగపూరులో కార్తీకమాసం కేలండరులో వస్తుంది, ఒంటికి తెలియదు. వాన పడుతుంది. వాన వెలిశాక ఉక్క పోస్తుంది. బుకిట్ పంజాంగ్‌లోని కొడుకు ఫ్లాటుకు వచ్చి ఏడాది దాటినా, ఇక్కడి గాలి ఎవరో వదిలేసిన ఊపిరిలాగే ఉండేది సుధాకరరావుకు.

ఊళ్ళో అయితే ఈ రోజుల్లో పొద్దు గూకేసరికి చలి దిగేది. ఆయన వాకిట్లో తేగలు కాల్చేవాడు. భార్య హైమావతి దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని వారపత్రికలో సీరియలు పైకి చదివేది. ప్రతి వారం ఆ పేజీలు చింపి దాచి, కథ పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో ఖాకీ అట్ట అంటించింది. పేజీల వెనక పళ్ళపొడి ప్రకటనలూ సగం తెగిన జోకులూ ఉండేవి. ఆవిడ పోయాక ఆయన ఊరు వదిలి వస్తూ వెంట తెచ్చుకున్న పుస్తకం అదొక్కటే.

కొడుకు పృథ్వీ ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేరు రాస్తాడు. ఆ ఏళ్ళలో హైదరాబాదు నుంచి వచ్చే ప్రతి విమానంలోంచీ అలాంటివాళ్ళే దిగేవాళ్ళు. వాళ్ళ మాటలన్నీ ఎవరు ఏ కంపెనీకి మారారన్న చోటే తిరిగేవి. పృథ్వీ అలమరాలో పుస్తకాలు లేకపోలేదు. దిండ్ల లావు కంప్యూటరు పుస్తకాలు. వాటిని ఎవరూ రెండోసారి తెరవగా సుధాకరరావు చూడలేదు. పాతబడగానే చెత్తలోకి పోయేవి.

మనవరాలు కీర్తికకు తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. రోజూ సాయంత్రం ఆయన సీరియలు కొంచెం చదివి వినిపించేవాడు. కథలో కొండమ్మ అనే పిల్ల ఇల్లు విడిచి గోదావరి రేవుకు వచ్చింది. పడవ సిద్ధంగా ఉంది. ఎక్కుతుందో ఎక్కదో తేలకముందే ఆ ఆదివారం అందరూ భోజనానికి బయలుదేరారు. కీర్తిక పుస్తకం చంకన పెట్టుకుంది.

వరసగా తిండి దుకాణాలుండే హాకర్ సెంటరు కిటకిటలాడుతోంది. ఒక బల్ల దొరికింది. పృథ్వీ ఆఫీసు స్నేహితుడు జగన్మోహనరావు అప్పటికే వచ్చి ఉన్నాడు.

"ముందు చోప్ చెయ్యండి వదినా, లేకపోతే పోతుంది," అన్నాడు.

బల్ల మనదని చెప్పడానికి ఇక్కడివాళ్ళు దాని మీద టిష్యూ పాకెట్టు పెట్టి పోతారు. కోడలు ఉమ హాండ్‌బాగులో వెతికింది, టిష్యూలు దొరకలేదు. కూతురి చంకలోని పుస్తకం లాక్కుని బల్ల మధ్యలో పెట్టింది.

"దాన్ని వదిలి వెళ్ళడమేంటమ్మా?" అన్నాడు సుధాకరరావు.

"ఇక్కడ ఫోను వదిలేసినా ఎవరూ ముట్టుకోరు మావయ్యా. రండి, మంచినీళ్ళు పట్టుకుందురుగాని."

అందరూ లేచి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆ బల్ల దగ్గర వేరేవాళ్ళు తింటున్నారు. పుస్తకం లేదు. దొంగ ఎవడూ రాలేదు. బల్లలు తుడిచే చైనా ముసలామె, పాత కాగితాల కట్ట అనుకుని ఎంగిలి పళ్ళాలతో పాటు ఎత్తేసింది. చెత్తలా కనిపించినదాన్ని తీసెయ్యడం ఆమె పని. ఆమె మీద సుధాకరరావుకు కోపం రాలేదు. దాన్ని టిష్యూ పాకెట్టులా వాడినవాళ్ళ మీదే వచ్చింది.

ఆయన ఆమె బండి దగ్గరికి నడిచాడు. బకెట్టులో నూడుల్స్, చీకిన ఎముకలు, రొయ్య తలకాయలు, మూతులు తుడిచిన టిష్యూలు ఎర్రటి పులుసులో తేలుతున్నాయి. ఒక మూల ఖాకీ అట్ట కనిపించింది.

"నాన్నా, వదిలెయ్," పృథ్వీ గొంతు తగ్గించి అన్నాడు. "అందరూ చూస్తున్నారు. కావాలంటే నెట్‌లో వెతికి తెప్పిస్తా."

"మీ అమ్మ కుట్టింది నెట్‌లో ఉందిట్రా?"

జగన్మోహనరావు నవ్వాడు. "అంకుల్, బ్యాకప్ తీసుకోలేదా? ఉన్న ఒక్క ప్రొడక్షన్ కాపీ ఎవరైనా బయటికి తెస్తారా?"

సుధాకరరావు చొక్కా చెయ్యి పైకి లాక్కుని మోచేతి దాకా బకెట్టులో పెట్టాడు. ఎవరి నోట్లోదో ఎముక ఒకటి వేళ్ళకు తగిలింది. పుస్తకంతో పాటు విడిపోయిన కాగితాలు కూడా దొరికినన్ని ఏరుకున్నాడు. ఆ రోజు వాళ్ళెవరూ అక్కడ తినలేదు.

ఇంటి గుమ్మంలో ఉమ ముక్కు మూసుకుంది. "మావయ్యా, లోపలికి తేకండి. వాసన ఇల్లంతా పడుతుంది."

"పెట్టింది నువ్వు. పడనీ."

బయట వాన. బట్టలారేసే వెదురు గడలు తడుస్తున్నాయి. సుధాకరరావు కొడుకు పడగ్గదిలోకి పోయి ఏసీ చివరిదాకా తగ్గించి, ఫాను పెట్టాడు. బ్లేడు తీసుకుని హైమావతి కుట్టిన దారం తనే కోశాడు. కొయ్యకపోతే లోపలి పేజీలు ఆరవు. దారం తెగుతున్నప్పుడు కొడుకూ కోడలూ చూస్తూ నిలబడ్డారు.

ఒక్కో కాగితం తడిబట్టతో తుడిచి నేల మీద పరిచాడు. గది నిండిపోయింది. కాలు పెట్టే చోటు లేక కొడుకూ కోడలూ మనవరాలూ మంచమెక్కారు. చలికి దుప్పట్లు కప్పుకున్నారు. పేజీ నంబర్లు పనికిరాలేదు, ఏ వారం నంబరు ఆ వారానిదే. చదివితే తప్ప వరస తెలియదు.

ఉమ ఒక కాగితాన్ని కొసతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పి చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి ముఖం ఇటు తిరిగింది. కాసేపటికి ముక్కు మూసుకున్న చెయ్యి కిందికి దిగింది.

"ఇదేంటి, కొండమ్మ వాళ్ళ నాన్నకి ముందే తెలుసా?" అంది. "దీని ముందుది ఎక్కడుంది?"

"కిటికీ కింద," అన్నాడు పృథ్వీ. "అమ్మ చదువుతుంటే విన్నాను. నాకు గుర్తుంది."

"నీకేం గుర్తుంది. రెండో పేజీకే నిద్రపోయేవాడివి," అన్నాడు సుధాకరరావు.

పృథ్వీ మంచం దిగి, కాగితాలు తొక్కకుండా మునివేళ్ళ మీద వెళ్ళి కిటికీ కింది పేజీ తెచ్చాడు. భార్యాభర్తలు దాని కోసం లాక్కున్నారు. వరస కుదురుతూ వచ్చింది. చివరికి రేవు దగ్గర ఆగింది.

"ఒక కాగితం లేదు," అంది ఉమ. "కొండమ్మ రేవులో నిలబడింది. తరవాతి పేజీలో పదేళ్ళు గడిచిపోయాయి."

"తాతా, ఆవిడ పడవ ఎక్కిందా, లేదా? టెల్ మీ లా," అంది కీర్తిక, ఇక్కడివాళ్ళలా మాట చివర లా చేర్చి.

ఆ పేజీ సుధాకరరావుకు మాట మాటా వచ్చు. హైమావతి ఎక్కడ ఊపిరి తీసుకునేదో కూడా తెలుసు. తలెత్తి చూశాడు. దుప్పట్లలోంచి మూడు ముఖాలు తన వంకే చూస్తున్నాయి. బయట వాన, గదిలో చలి, చేతుల్లో కథ. ఎన్నాళ్ళకో ఆయన ఒంటికి హాయి తెలిసింది. తెలిసిన మరుక్షణమే రోత పుట్టింది. ఇంతమంది ఒకచోట కూర్చుని చదవడానికి ఆవిడ పుస్తకం ఎంగిలిలో పడాల్సి వచ్చింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూడుసార్లు సబ్బు పెట్టినా రొయ్య కంపు పోలేదు.

"చెప్పండి మావయ్యా, ఏమైంది?" అంది ఉమ.

"పోయింది," అన్నాడు. "పారేశారుగా."

ఉమ తల దించుకుంది.

"తాతకి తెలుసు," అంది కీర్తిక తల్లితో. "హీ ఈజ్ జస్ట్ యాంగ్రీ లా."

సుధాకరరావు కాదనలేదు. దబ్బనంలోకి దారం ఎక్కించి, ఆరిన పేజీలు ఒళ్ళో సర్దుకుని, హైమావతి పొడిచిన పాత చిల్లుల్లోంచే కుట్టడం మొదలుపెట్టాడు. మంచం మీద వాళ్ళు లేవలేదు. ఆయన చెప్పలేదు.