నిఖార్సు అన్న సలహా

మా ఆయన పండరికి దేవుడి మీద ఎంత నమ్మకమో తెలియదు గానీ, ఫోన్లో ఉన్న 'మన జాగ' గ్రూపు మీద మాత్రం అపారం. బాన్సువాడ చుట్టుపక్కల ఎక్కడ ప్లాటు కొనాలి, ఎక్కడ కొనకూడదు అని జనం ఒకరికొకరు సలహాలు చెప్పుకునే గ్రూపు అది. అందులో సొంత పేరుతో ఉండేవాళ్లు తక్కువ. ఒకడు భూమిపుత్ర, ఇంకొకడు వాస్తు రాజా. ఎవరికి నచ్చిన పేరు వాళ్లు తగిలించుకుంటారు. సలహాలు ఎక్కువగా ఇచ్చేవాళ్ల పేరు పక్కన చుక్కలు వెలుగుతాయి. చుక్కలు పెరిగేకొద్దీ మనిషి నమ్మకస్తుడన్నమాట.

బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్మే చిన్న దుకాణం ఆయనది. గిరాకీ లేనప్పుడు ఆ గ్రూపులోనే మునిగి ఉంటాడు. గిరాకీ ఉన్నప్పుడు కూడా అక్కడే ఉంటాడని నా అనుమానం.

నేను ఇంట్లో కూర్చుని బీడీలు చుడతాను. పెళ్లయినప్పటి నుంచి మావి కిరాయి ఇళ్లే. ఇప్పుడున్న ఇంటి ఓనరు బాలవ్వ చెడ్డది కాదు. కాకపోతే గోడకు మేకు కొడితే తన గుండెలో కొట్టినట్టు అరుస్తుంది. మా అమ్మ వచ్చి రెండు రోజులు ఉంటే మూడో రోజు నీళ్ల మోటరు బందు. నా ఇష్టం వచ్చిన చోట మేకు కొట్టుకోవాలి, మా అమ్మను ఆమె ఉంటానన్నన్ని రోజులు ఉంచుకోవాలి. సొంత ఇల్లంటే నాకు అంతకు మించి ఏమీ లేదు. దాని కోసమే ఇద్దరం కడుపు కట్టుకుని కూడబెట్టాం. అది పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు, నా వేళ్లకూ లేదు.

ఈ సంగతి అంతా తెలిసిన మనిషే ఒకరోజు జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు.

"ప్రేమలా, జాగ దొరికిందే! కోటగిరి రోడ్డుకు. తూర్పు మొకం. శుక్రవారం బయానా పైసలు ఇద్దాం."

ఫోన్లో ఫొటో చూపించాడు. ఎర్రటి నేల, తెల్లటి హద్దురాళ్లు, పైన నీలాకాశం. ఫొటో బాగానే ఉంది.

"పోయి చూసినవా?"

"నేను చూసుడేంది? గ్రూపుల నా పేరు మీద అడిగిన. అందరు ఒక్కతీర్గ మంచిగున్నదనే చెప్తుండ్రు. భూమిపుత్రకు ఎన్ని చుక్కలున్నయో చూడు."

"బండి మీద పోతే ఎంత సేపయ్యా? పోయి చూసొద్దాం పా."

"పోతే ఏం సమజైతది మనకు? రాళ్లు, మట్టి. గాళ్లు తెలిసినోళ్లు. నువ్వు ఫికర్ జెయ్యకు."

నాకు ఒళ్లు మండింది. సూది దారం కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగే మనిషి, ఇల్లు కట్టుకునే నేలను మాత్రం ఎవరో చూశారు కాబట్టి కొంటాడట. జిలేబీ తిన్నాను గానీ కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లాను. అక్కడ సరుకు చూసే మనిషి అన్ని బీడీలూ చూడడు. గంపలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీస్తాడు, నలిపి చూస్తాడు. అవి బాగా లేకపోతే కట్టలకు కట్టలే పక్కన పడేస్తాడు. ఎన్నో ఏళ్లుగా అతణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం అతని చేతివంక చూస్తుంటే చాలా ముచ్చటేసింది. ఈ గ్రూపులోంచి కూడా ఒక పిడికెడు తీసి నలిపితే పోలా అనిపించింది.

ఇంటికొచ్చి నా ఫోన్లో ఆ గ్రూపులో చేరాను. పేరు 'దుబాయ్ భోజన్న' అని పెట్టుకున్నాను. మా వైపు దుబాయ్ అన్న మాట చెవిన పడితే సలహా చెప్పేవాళ్లకు కొదవుండదు. మ్యాపు తెరిచి నిజాంసాగర్ నీళ్ల నడిమధ్యన, పడవ లేనిదే పోలేని చోట ఒక గుర్తు పెట్టి, కింద ఇలా రాశాను: "అన్నలారా, నేను దుబాయ్‌ల పని చేస్తున్న. గీ జాగ అమ్ముతం అంటుండ్రు. మీలో ఎవలన్న చూసిండ్రా? కొనచ్చునా?"

పొయ్యి మీద అన్నం ఉడికేలోపు సలహాలు వచ్చిపడ్డాయి. ఆ జాగా తనకు చిన్నప్పటి నుంచి తెలుసని, కళ్లు మూసుకుని కొనమని భూమిపుత్ర చెప్పాడు. ఈశాన్యం పెరిగిందని, అక్కడ ఇల్లు కడితే ఆడపిల్లలకు మంచి సంబంధాలొస్తాయని వాస్తు రాజా చెప్పాడు. ఒకాయనైతే పక్క ప్లాటు తనదేనట, ఇరుగుపొరుగు చాలా మంచివాళ్లట. చేపలు మంచివే కదా అనుకున్నాను. అందరికంటే 'నిఖార్సు' అనేవాడు నాకు బాగా నచ్చాడు. "భోజన్నా, నేను పొద్దుగాలనే పోయి గా జాగల నిలవడి వస్తున్న. నేల గట్టిది. బోరు ఎయ్యంగనే నీళ్లు పడతయి" అని రాశాడు.

నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇదంతా చూపించి ఆయన కళ్లు తెరిపించాలని రాత్రి భోజనం దాకా ఆగాను. ఆయనకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, సలహా ఇచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా ధన్యవాదాలు పంపడం మొదలుపెట్టాను. భూమిపుత్రకు పంపాను. వాస్తు రాజాకు పంపాను. నిఖార్సుకు పంపాను. మా ఆయన జేబులో ఫోన్ టింగుమంది.

ఏదో కాకతాళీయంలే అనుకుని నిఖార్సుకు మళ్లీ ఒక దండం బొమ్మ పంపాను. మళ్లీ టింగుమంది. ఆయన ఎడమ చేత్తో ఫోన్ తీసి చూసుకుని మురిసిపోయాడు.

"ఎవలు?" అన్నాను.

"దుబాయ్‌ల ఒకాయన. పాపం, మస్తు మర్యాదస్తుడు. జాగ గురించి అడిగితే చెప్పిన."

"నువ్వు చూసినవా గా జాగ?"

"ఆఁ... చూసిన్నంటే, గటు దిక్కు పోయినప్పుడు ఎప్పుడో..."

"గా దుబాయాయన నీ ముంగటనే కూసున్నడు. ఇంకింత పప్పు ఎయ్యమంటవా?"

నా ఫోన్ ఆయన కంచం పక్కన పెట్టి మ్యాపును పెద్దది చేశాను. తెర నిండా నీలం రంగే. ఆయన ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది. ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు కూడా తాగాడు.

"చుక్కల కోసమే," అన్నాడు చివరికి. "నాకు తెల్వదు అంటే ఎవలిస్తరు? చూసిన అంటెనే వస్తయి. చుక్కలుంటే నలుగురు అన్నా అని పిలుస్తరు. దుకాణంల నన్ను అన్నా అనేటోడు ఎవడున్నడు?"

"కిరాయింట్ల ఉండి ఊరందరికి జాగలు చూపెడుతున్నవు. మరి మిగిలినోళ్లు గూడ నీ అసొంటోళ్లే కాదని నమ్మకమేంది?"

"గాళ్లు గట్ల కాదే. భూమిపుత్ర ఉత్తగ చెప్పడు."

అయితే చూద్దామని ఆయన ఫోన్ తీసుకున్నాను. కోటగిరి రోడ్డు ప్లాటు గురించి జనం రాసుకున్నదంతా కింది నుంచి పైకి చదువుకుంటూ పోయాను. వాస్తు రాజా ఎందుకు బాగుందన్నాడంటే భూమిపుత్ర అన్నాడు కాబట్టి. భూమిపుత్ర ఎందుకన్నాడో ఇంకా పైన ఉంది: "స్వయంగా చూసిన మనిషి చెప్పిండు. ఆయన మాట అంటే మాటే." ఆ చూసిన మనిషి కోసం ఇంకా పైకి వెళ్లాను. ఎండాకాలం నాటి మాట దొరికింది: "నేను పోయి చూసిన. బంగారమసొంటి జాగ. నీళ్ల ఫికర్ లేదు." రాసినవాడు నిఖార్సు.

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదువుకున్నాడు.

"గిది నేనే రాసిన్నా?" అన్నాడు. "యాదికే లేదే."

తను చెప్పిన అబద్ధమే ఊరంతా తిరిగి, చుక్కలు తగిలించుకుని మళ్లీ తన దగ్గరికే వచ్చింది. దాన్ని నమ్మి మేమిద్దరం కూడబెట్టిందంతా ఇచ్చెయ్యబోయాడు. నేను తిడదామనుకున్నాను గానీ, తెల్లారగానే పోయి కళ్లతో చూసొద్దామని మాత్రం అన్నాను.

పొద్దున్నే దుకాణం తెరవకుండా ఇద్దరం బండి మీద కోటగిరి రోడ్డుకు వెళ్లాం. బంగారు రంగు అక్షరాల కమాను బ్రహ్మాండంగా ఉంది. దాని కింద నుంచి లోపలికి వెళ్తే రోడ్డు లేదు, బురదే. ఫొటో కాలువ బందున్న ఎండాకాలంలో తీసింది. ఇప్పుడు యాసంగి పంటకు కాలువ వదిలారు. చుట్టూ నాట్లు పడుతున్నాయి. వెంచరు మొత్తం మడిలాగే నిండి ఉంది. నీళ్లలోంచి హద్దురాళ్ల తలలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మాది కావలసిన ప్లాటు మూల రాయి మీద ఒక కొంగ నిలబడి ఉంది.

"నీళ్ల ఫికర్ లేదంటివి కదా," అన్నాను. "గదొక్కటి నిజమే రాసినవు."

ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, మా ప్లాటు నడుమ కాసేపు నిలబడ్డాడు. అక్కడే ఫోన్ తీసి, నిఖార్సు పేరుతోనే గ్రూపులో రాశాడు: "అన్నలారా, కోటగిరి రోడ్డు జాగ నేను నిన్నటిదాక చూడనేలేదు. ఉత్తగనే చెప్పిన. ఇయ్యాల చూస్తున్న. మోకాళ్లకు నీళ్లున్నయి. కొనకుండ్రి."

నీళ్లల్లో నిలబడ్డ ఫొటో కూడా పెట్టాడు. గట్టెక్కేలోపే జవాబులు వచ్చాయి. నిఖార్సు అన్న ఐడీ ఎవరో హ్యాక్ చేశారని భూమిపుత్ర రాశాడు. ఇది పక్క వెంచరువాళ్ల పని అన్నారు ఇంకొకరు. అన్న అలా మాట్లాడే మనిషే కాదని, ఆయన ఎండాకాలంలో చెప్పిందే ఫైనలని నలుగురు కలిసి తీర్మానించారు. ఇంకాసేపటికి గ్రూపు నడిపేవాళ్లు నిఖార్సును బయటికి తోసేశారు. సొంత పేరుతో రాస్తే, ఒక్క చుక్క కూడా లేనివాడివి నీకేం తెలుసని వాస్తు రాజా అడిగాడు.

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. కాళ్లకు బురద ఎండిపోతోంది.

"అబద్ధం చెప్పినప్పుడు అన్నా అన్నా అన్నరు," అన్నాడు. "ఇయ్యాల నీళ్లల్ల నిలవడి చెప్తే ఒక్కడు గూడ నమ్ముతలేడే."

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆయన మీద జాలేసింది. పక్కన కూర్చున్నాను.

"నేను నమ్ముతున్న," అన్నాను. "జాగ సంగతిల నీ మాట నమ్ముడు నాకు గిదే మొదటిసారి."

ఆయన తలెత్తి నా వంక చూశాడు. లేచి కాలువలో కాళ్లు కడుక్కుని బండి తీశాడు. తిరుగు దారిలో 'ప్లాట్లు అమ్మబడును' అన్న బోర్డు కనిపించిన ప్రతిచోటా బండి ఆపి, దిగి, లోపలికి నడిచి, మడమతో నేలను తన్ని చూసి వచ్చాడు. తొందరగా పోదామని నేను ఒక్కసారి కూడా అనలేదు.