ఒంటిగంట పంటు

నూకరాజుకి ఒళ్లు మండిపోతోంది. పన్నెండేళ్లుగా లంక రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడుపుతున్నాడు గానీ, ఇలాంటి చోద్యం ఎప్పుడూ చూళ్లేదు. గట్టు మీద ముప్ఫై నలభై మంది నిలబడి, పంటు ఖాళీగా పోతుంటే చూస్తున్నారు!

డీజిలు ఖర్చు సర్కారు పెట్టుకుంటోంది గనకే టిక్కెట్టు ఐదు రూపాయలు. ఏ ట్రిప్పు అవసరమో, ఏది దండగో తేల్చమని సౌజన్య అనే అమ్మాయిని పంపేరు. ఒక్కో ట్రిప్పులో మూడేసి రోజులు కూర్చుని ఎక్కినవాళ్లని లెక్కపెట్టాలి; ముందు ఒంటిగంటది. సగటున ఇరవైమంది లేని ట్రిప్పు రద్దు.

ఒంటిగంట ట్రిప్పు పోతే అందరికన్నా చిక్కు, నూకరాజుకి అత్త వరసయ్యే రాహేలుకి. వారానికి మూడుసార్లు అమలాపురంలో మూడింటికి ఆవిడకి డయాలసిస్. ఈ ట్రిప్పు లేకపోతే పొద్దున్న ఎనిమిదింటికే దాటి, ఆసుపత్రి వరండాలో పడిగాపులు కాయాలి.

మొదటిరోజు ఒంటిగంటకి ఆరుగురు ఎక్కేరు. రెండోరోజు ఏడుగురు. మూడోరోజూ జనం కదలకపోయేసరికి నూకరాజు ఇంజను ఆపి గట్టు మీదికి దూకేడు.

"ఏంటండీ మీ వరస? ఎక్కరేం?"

"మేడంగారు కూర్చున్నారు కదండీ, ఇరుకైపోద్ది. మేం మూడింటి దాంట్లో వస్తాంలెండి," అన్నాడు అరటిగెలతో నిలబడ్డ వీరన్న.

"ఆయ్, నేనే చెప్పేను," అంది పంటులోంచి రాహేలు. "పాపం ఆడపిల్ల, ఎండనపడి వచ్చింది. మీదమీద పడితే ఏం బాగుంటుంది?" మొదటిరోజు ఇంట్లోంచి కుర్చీ తెచ్చి ఆ పిల్లకి పంటు మధ్యలో వేయించింది కూడా ఆవిడే.

నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి మీ మర్యాద తగలెయ్య! ఆవిడ లెక్కపెట్టేది మిమ్మల్నేనండీ బాబూ!"

అంతే! గెలలూ సైకిళ్లతో సహా తోసుకుంటూ ఎక్కేసేరు. నలభై ఒక్కమంది. సౌజన్య కుర్చీ పక్కకి లాగేసి, నిలబడే లెక్కపెట్టింది.

అవతలి రేవు చేరేలోగా ఆమె ట్యాబులో మూడు రోజుల సగటు తేలిపోయింది. పద్దెనిమిది.

"ముందు రెండు రోజులూ కొట్టెయ్యండమ్మా. మీకోసమే ఆగిపోయేరు వాళ్లు," అన్నాడు నూకరాజు.

"ఎక్కినవాళ్లనే చూపించాలండి. మిగతావాళ్లు ఎందుకు ఎక్కలేదో కింద రాస్తాను. చదువుతారో లేదో మాత్రం చెప్పలేను." ఆ అమ్మాయి అప్పుడే ట్యాబులో రాయడం మొదలెట్టింది.

పదిరోజులకి కాగితం వచ్చింది. ఒంటిగంట ట్రిప్పు రద్దు. నూకరాజే వెళ్లి రాహేలుకి చెప్పేడు.

"అందర్నీ ఆపింది నేనే కదా నూకరాజూ," అంది ఆవిడ.

"ఎల్లుండి ఎనిమిదింటి దానికి వచ్చెయ్యి అత్తా," అన్నాడు నూకరాజు. "నువ్వు ఎక్కేదాకా పంటు కదలదు."