గోడే నిచ్చెన

ప్రొఫెసర్ విలైవన్ మాటకు ఆమె ప్రయోగశాలలో ఎదురుండదు. ఖోన్‌కెన్ నగరంలో చదువు చెప్పినవాళ్లకు ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాదు. ఏటేటా పూలపళ్లెం పట్టుకుని, 'ఆజాన్' అని పిలుచుకునే గురువు ముందు మోకాళ్ల మీద కూర్చునే పిల్లలు, మర్నాడు లేచి మీరు చెప్పింది తప్పని ఏ మొహం పెట్టుకుని అంటారు? ఆ మొహమాటాన్నే అక్కడ సంస్కారం అంటారు. విలైవన్‌కూ అది ముద్దుగానే ఉండేది.

ఆమె పరిశోధనకు ఎంచుకున్న జబ్బు పిత్తవాహికకు వచ్చే క్యాన్సర్. చీ నది పచ్చిచేపల్లోని పురుగు దానికి మూలం. సంగతి అందరికీ తెలుసు, అయినా విందులో పచ్చిచేపలు తరిగి కలిపిన కోయ్ వడ్డిస్తే వద్దని ఎవరూ అనరు. వడ్డించినవాళ్లు నొచ్చుకోరూ?

కణాల మధ్య జిగురులా అల్లుకునే ఒక ప్రొటీన్ మీద ఆమె సగం జీవితం పెట్టింది. అది దట్టంగా ఉన్నచోట గడ్డ కదలకుండా పడి ఉంటుందని చూపించింది. దానికి 'గోడ' అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. దాన్ని పెంచే సూదిమందును ఇప్పుడు ఆసుపత్రిలో కొందరు రోగులకు ఇచ్చి చూస్తున్నారు. ఆ కొందరిలో ఆమె తమ్ముడు ఖంపాన్ ఒకడు. మా అక్క మందు ఉండగా ఇంకొకరి మందు నాకెందుకని పట్టుబట్టి మరీ చేరాడు.

ఆ ఉదయం ఏదో వెతుకుతుంటే అలమర అడుగున రోగుల గడ్డల ముక్కలున్న స్లైడ్ల పెట్టె ఒకటి దొరికింది. మీద 'రంగు సరిగా పట్టలేదు' అని తన శిష్యురాలు పిమ్ చేతిరాత. విలైవన్ ఒకటి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. రంగు శుభ్రంగా పట్టింది. ఇంకొకటి చూసింది, ఆ తర్వాత పెట్టె అంతా చూసింది. పిమ్‌ను పిలిచింది.

"ఇవేమిటి పిమ్?"

"రంగు సరిగా పట్టలేదు ఆజాన్."

"గురువునని కూడా చూడకుండా నాకే చెవిలో పూలు పెడతావా? నిజం చెప్పు."

పిమ్ చేతులు కట్టుకుంది. "చిన్న గడ్డల్లో మీరన్నట్టే గోడ ఆజాన్. ముదిరినవాటిలో మాత్రం... ఆ గోడనే పట్టుకుని క్యాన్సర్ కణాలు పాకిపోతున్నాయి. నిచ్చెన వేసినట్టు."

"మనుషులకి సూదులు వేస్తున్నారే అమ్మాయ్! నీకు నోరు లేదూ?"

"ఒకసారి చెప్పానండీ. 'రంగు మళ్లీ పట్టించు' అన్నారు మీరు."

నిజమే, తను అన్నది. తలైనా ఎత్తకుండా, నవ్వుతూ అన్నది. ఆ నవ్వు గుర్తొచ్చి విలైవన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసి, సూదులు ఆపించి, తమ్ముడి ఊరికి బయల్దేరింది.

ఖంపాన్, స్తంభాల మీద కట్టిన తన ఇంటి కింద, వెదురు మంచం మీద పడుకుని ఉన్నాడు. కళ్లు పసుపు ముద్దలయ్యాయి, పొట్ట ఉబ్బింది. అక్కను చూసి లేవబోయాడు.

"పడుకోరా. సూది ఇక వద్దని చెప్పొచ్చాను."

"అదేంటక్కా? బాగా పనిచేస్తుంటేనూ!"

"నొప్పి ఎలా ఉంది?"

వాడు పెళ్లాం వైపు చూశాడు. ఆమె ముద్దన్నం బుట్ట పక్కన పెట్టి తల దించుకుంది.

"కాస్త ఉందిలే."

"ఎప్పట్నుంచి?"

"మొదటి సూది పడ్డప్పట్నుంచే. తర్వాత తర్వాత ఎక్కువైంది."

"మరి డాక్టర్లు అడిగిన ప్రతిసారీ హాయిగా ఉందన్నావటగా!"

"మా అక్క మందు బాలేదని వాళ్ల ముందు నేనే చెప్పనా? నీ పరువేం కాను?" ఖంపాన్ నవ్వబోయి, డొక్క పట్టుకుని ఆగాడు. "అది సరేగానీ, సూది ఆపేశారుగా. ఇక తగ్గుతుందంటావా?"

పొద్దుట పిమ్ మీద విరుచుకుపడిన నోరది. ఇప్పుడు తమ్ముడి ముందు ఎండిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వాడు నొచ్చుకుంటాడనిపించింది.

"తగ్గుతుందిరా," అంది విలైవన్.