ఉత్త నూనె సూది

ల్యాబులో అక్క పనంతా ఎలుకలతోనే. మగ ఎలుకలకు వృషణాలు తీసేశాక కొన్నింటికి నూనెలో కలిపిన మగ హార్మోను, కొన్నింటికి ఉత్త నూనె సూది వేస్తుంది. తర్వాత వాటిని కోసి, ప్రోస్టేటు గ్రంథి ఎంత తూగిందో, మూత్రపిండంలో ఎంజైము ఎంత పెరిగిందో చూస్తుంది. హార్మోను పడిన ఎలుకలు కొట్టుకు చస్తాయి, అందుకే వాటికి వేరువేరు డబ్బాలు. ఉత్త నూనెవి ఒకే డబ్బాలో ఒద్దికగా పడుంటాయి.

ఇంట్లో తమ్ముడికి అదే గ్రంథిలో క్యాన్సరు. ఆ క్యాన్సరును పెంచే మగ హార్మోను ఆగిపోవడానికి డాక్టరు ఇంజెక్షన్లు ఇస్తున్నాడు. ఇంటిల్లిపాదీ వాడిని సిసింద్రీ అనేవాళ్లు. ముక్కు మీదే కోపం, అక్కతో పోట్లాడందే ముద్ద దిగేది కాదు. ఇప్పుడు ఊరికే చెమటలు పోసి, కిటికీ దగ్గర కూలబడుతున్నాడు.

"ఈ సూదులు ఇక వద్దక్కా. నేను నాలా లేను. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు, నాలాగే ఉండి పోతా. నువ్వు ఊ అంటే మానేస్తా."

అక్క ఆ మాటే మోసుకుంటూ పనికి వెళ్లింది. మనసు ఇంటి దగ్గర, చేతులు ల్యాబులో! రెండు సీసాల్లోనూ ఒకే రంగు నూనె. ఒకదాని చోట ఇంకొకటి పెట్టింది. ఆ వారమంతా చెయ్యి అలవాటు కొద్దీ చోటు చూసే తీసింది గానీ చీటీ చూడలేదు.

ఒద్దికగా ఉండే డబ్బాలో నెత్తురు. ఒక ఎలుక చచ్చి పడి ఉంది.

"ఇన్నేళ్ల చెయ్యి నీది, ఇదేంటమ్మా?" అన్నాడు ల్యాబు పెద్దాయన.

"తప్పు నాదేనండీ."

ప్రయోగం గంగపాలు. చచ్చినదాన్ని కోసి చూసింది. ఎండు బఠాణీలా ముడుచుకుపోయి ఉండాల్సిన గ్రంథి, నానబెట్టినట్టు ఉబ్బి ఉంది. అది ఆమెకు కొత్త సంగతేం కాదు. అయినా ఆ రోజు దాన్ని చూస్తే తమ్ముడే గుర్తొచ్చాడు. హార్మోనుతో ఒక్క వారానికే ఇంత పెరిగితే, సూదులు మానేస్తే వాడేమైపోతాడు?

ఇంటికెళ్లి, చెప్పులు విప్పకుండానే అంది. "మానొద్దురా. నాలా లేనంటావు, నిజమే. ఎలా ఉన్నా సరే, నువ్వు ఉండు."

అని, పోట్లాటకు సిద్ధపడి నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ పోట్లాట కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"అలాగేలే అక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "అలిసిపోయొచ్చావు. టీ పెట్టనా?"

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమె మాటకు ఎదురు చెప్పకపోవడం ఇదే మొదలు. ఒక్కసారి తిట్టరా అని అడగాలనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెట్టమన్నట్టు తల ఊపింది.