నోటినిండా నీళ్ళు

వీధిలో అందరూ ఆయన్ని కండక్టర్ తాత అనే పిలుస్తారు. బస్సు దిగేసి ఏళ్ళయినా ఆ గొంతు మాత్రం దిగలేదు. స్టాపు కనబడకముందే దాని పేరు కేకేసి చెప్పిన మనిషాయె. ఇంట్లోనూ అదే వరస. భార్య "అదేదీ... అదీ..." అని నోరు తెరిచిందో లేదో, "చెంచా!" అని అందించేస్తాడు.

ఆవిడకి ఈ మధ్య మాటలు సమయానికి దొరకడం లేదు. కూతురు పట్టుబట్టి ఇద్దర్నీ పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి క్లాసులో చేర్పించింది. వారం తిరక్కుండానే ఆవిడ చెప్పులేసుకుంటూ తేల్చేసింది.

"ఇవాళొక్కరోజే వస్తా. రేపట్నుంచి మీరే పోండి."

"అదేంటే?"

"నేనెందుకూ దండగ? అన్నీ మీరే చెప్పేస్తారుగా."

తాత ఇన్నాళ్ళూ సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు పాపం.

క్లాసులో నేర్పించే అమ్మాయి పళ్ళెంలో కొన్ని వస్తువులు పెట్టి చూపిస్తుంది. తర్వాత తువ్వాలు కప్పేసి, ఏమేం ఉన్నాయో ఒక్కొక్కర్నీ అడుగుతుంది. ఆ రోజు ముందుగా తాతని పక్కకి పిలిచింది.

"బామ్మగారు వెతుక్కోవాలి తాతగారూ. ఆ వెతుక్కోవడమే వ్యాయామం. ఆవిడ బదులు మీరు నడిస్తే ఆవిడ కాళ్ళకి బలమొస్తుందా?"

"మానేస్తానంటోందమ్మా."

"మరి మీరు నోరు కట్టేసుకోండి."

"అదే నా వల్ల కాదు తల్లీ. దానంతటదే పోతుంది."

ఆవిడ వంతు వచ్చింది. తాత సీసా ఎత్తి నోటినిండా నీళ్ళు పోసుకుని, మింగకుండా కూర్చున్నాడు.

"కత్తెర," అంది ఆవిడ. "దువ్వెన... తాళంచెవి..." ఆగిపోయి, అలవాటుగా మొగుడి వంక తిరిగింది. బుడగల్లా ఉబ్బిన బుగ్గలు, తేలేసిన కళ్ళు.

"ఏంటండీ ఆ అవతారం?"

"ఊఁ! ఊఁ!" అంటూ పళ్ళెం చూపించాడు.

"కట్టుడుపళ్ళు జారిపోతున్నాయేమో చూడమ్మా," అన్నాడు పక్క కుర్చీలోని పాత పోస్ట్‌మాన్.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వి, మళ్ళీ తువ్వాలు వంక తిరిగింది. తాత గొంతులో ఆ మాట గింజుకుంటోంది. ఒళ్ళో ఆవిడ వేళ్ళు దేన్నో కన్నంలోకి దూరుస్తున్నట్టు కదిలాయి.

"బొత్తాం!"

తాత నీళ్ళు గుటుక్కున మింగబోతే పొరబోయింది. దగ్గుతూనే చప్పట్లు కొట్టాడు.

"ఇంకొకటుంది బామ్మగారూ."

ఆవిడ చాలాసేపు చూసింది. రాలేదు. తాత నోరిప్పుడు ఖాళీ. పెదవులు కదిలాయి. ఆవిడ తల తిప్పకుండానే అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మీరూరుకోండి. అమ్మాయ్, నువ్వూ చెప్పకు. రాత్రికి ఆలోచించుకుని రేపొచ్చి నేనే చెప్తా."

ఇంటిదాకా ఆవిడ తనలో తాను గొణుక్కుంటూ నడిచింది. ఆయన పక్కనే, పళ్ళు బిగబట్టి.