జనరేటర్ వంతు

గడ్డకట్టే వాన మొదలై అయిదో రోజు. బొటనవేలంత మందాన మంచు పట్టి కరెంటు తీగలు తెగిపోయాయి, స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. కొండ మీద మేపుల్ చెట్లు తుపాకులు పేలినట్టు విరిగిపడుతూనే ఉన్నాయి. కెనడా సరిహద్దుకు ఈవల, అమెరికా వైపు ఉన్న ఆ చిన్న ఊళ్ళో పాడి ఇళ్ళు అయిదు. పాలు పితికే యంత్రాలు నడపడానికి ట్రాక్టర్‌కు తగిలించి తిప్పే జనరేటర్ మాత్రం ఒక్కటే. ఫైర్ స్టేషన్ పెద్ద ఓరిన్, ఒక్కో ఇంటికి నాలుగు గంటల చొప్పున వంతులు రాసి గోడకు అంటించాడు.

వెర్నా వంతు మధ్యాహ్నం పన్నెండుకు. ఒంటిగంట దాటింది, జనరేటర్ రాలేదు.

వెర్నాకు యాభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక ముప్ఫై ఎనిమిది ఆవుల్ని ఒంటి చేత్తో నడుపుకొస్తోంది. నిన్నటి వంతు సగంలోనే ఆగిపోతే మిగతా ఆవులకు చేత్తోనే పాలు పితికింది. మణికట్లు వాచి కప్పు కూడా పట్టుకోనివ్వడం లేదు. కొట్టంలో పొదుగులు బిగిసిన ఆవులు గొంతు చించుకుంటున్నాయి. తెల్లారి చూసేసరికి ఒక ఆవు పొదుగువాపుతో పడిపోయి ఉంది. ఎంత లేపినా లేవలేదు. వెర్నా తుపాకీ తెచ్చి దాని నుదుటిమీద కాల్చింది.

మంచు పగలగొట్టే గునపం ట్రాక్టర్ మీద పడేసుకుని అర మైలు దూరంలో, తనకంటే ముందు వంతున్న ఎల్డన్ క్రాండల్ ఇంటికి బయల్దేరింది. జనరేటర్ చప్పుడు దారిలోనే వినిపించింది.

ఎల్డన్ కొట్టం వాకిట్లో అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. అతని వంతు ఎప్పుడో అయిపోయిందని, జనరేటర్ ఇచ్చెయ్యమని వెర్నా మామూలుగానే అడిగింది. రేపు తీసుకెళ్ళమన్నాడు. మొదటి రోజు తన వంతు అందరికంటే చివర వేశారని, అందుకే రెండు ఆవులు పోయాయని, ఓరిన్ వెర్నాకు పినతల్లి కొడుకు కాబట్టి ఆమెకు మొదటి వంతు దక్కిందని ఏకరువు పెట్టాడు.

అందులో కొంత నిజమేనని వెర్నాకు తెలుసు. అయినా ఆ క్షణాన ఆమె చెవుల్లో తన ఆవుల అరుపులే ఉన్నాయి.

"పొద్దున ఒకదాన్ని నా చేత్తో కాల్చుకున్నానురా," అంది. "అడ్డు తప్పుకో."

"నీకేం, మీ ఓరిన్‌ని అడుగు. ఇంకో కాగితం రాసి అంటిస్తాడు."

ఆమె అతన్ని దాటుకుని, జనరేటర్ తిప్పుతున్న అతని ట్రాక్టర్ ఆపడానికి చెయ్యి చాచింది. ఎల్డన్ వెనకనుంచి కోటు పట్టి లాగి, మొహం మీద పిడికిలితో గుద్దాడు. వెర్నా మంచుమీద వెల్లకిలా పడింది. పై పెదవి చీలిపోయి నోరంతా రక్తం. లేవబోతుంటే బూటుతో డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. "నా ఆవులు చస్తే ఎవడొచ్చాడే?" అంటూ తన్నాడు. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

వెర్నా పాక్కుంటూ తన ట్రాక్టర్ దగ్గరికి చేరి గునపం అందుకుంది. జుట్టు పట్టుకోడానికి అతను చెయ్యి చాపగానే బలంకొద్దీ తిప్పి కొట్టింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు జనరేటర్ మోతలోనూ ఆమెకు వినబడింది. ఎల్డన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమె రెండోసారి గునపం ఎత్తింది. ఈసారి తలకే గురి.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. ఎల్డన్ భార్య హేజెల్ ట్రాక్టర్ పక్కన నిలబడి ఉంది, తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది. ఆ నిశ్శబ్దంలో కొట్టంలోని ఆవులు నెమరువేస్తున్న చప్పుడు వినిపించింది.

"దించు వెర్నా," అంది హేజెల్. "జనరేటర్ తీసుకెళ్ళు. వీడి సంగతి నేను చూసుకుంటా."

వెర్నా గునపం దించింది. ఇద్దరాడవాళ్ళూ కలిసి జనరేటర్‌ని ఆమె ట్రాక్టర్‌కు తగిలించారు. హేజెల్ ఆమె మొహంకేసి చూడలేదు.

ఆ సాయంత్రానికి వెర్నా తన ఆవులన్నిటికీ పాలు పితికింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకలు పొడుచుకుంటున్నాయి. ఇంకో రెండు ఆవులు దక్కలేదు.

మర్నాడు ఎల్డన్ వంతు వచ్చింది. అరవై ఆవులు, హేజెల్ ఒక్కతే. తక్కిన ఇళ్ళవాళ్ళకు ఎవరి కొట్టం వాళ్ళకే సరిపోయింది. వెర్నా వెళ్ళి ఏమీ అడక్కుండా రెండో వరసలో పాల గొట్టాలు తగిలించడం మొదలుపెట్టింది. కట్టుకట్టిన చేత్తో తలుపు దగ్గర కూర్చున్న ఎల్డన్ ఖాళీ బకెట్ ఎత్తి ఆమె మీదికి విసిరాడు. అది భుజానికి తగిలి దొర్లిపోయింది. ఆమె తర్వాతి ఆవు దగ్గరికి నడిచింది.

అలా పదకొండు రోజులు వెళ్ళింది. తర్వాత కరెంటు వచ్చింది.

ఎల్డన్ పోలీసుల దగ్గరికి వెళతాడని వెర్నా వసంతమంతా ఎదురుచూసింది. అతను వెళ్ళలేదు. ఆమె కూడా వెళ్ళలేదు. ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. విరిగిన ఎముక గురించి ఆమె పెద్దగా బాధపడలేదు. హేజెల్ తాళంచెవి తిప్పి ఉండకపోతే ఏమయ్యేదో మాత్రం ఆమెకు బాగా తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది.