సారిక గీజరు

ధనుర్మాసం పొద్దుల్లో తణుకులో మంచు ఎంత పట్టేదంటే, వీధిలో పోయే చెరకు ట్రాక్టరు చప్పుడు వినపడేదేగానీ ట్రాక్టరు కనపడేది కాదు. ఆ వేళకే లక్ష్మీదుర్గ వాకిట్లో ముగ్గేసి, చేతులు దులుపుకుని వచ్చి గీజరు స్విచ్చి నొక్కేది. గీజరు కాసేపు గురగురమనేది. తర్వాత గొంతు సవరించుకుని, "ఏమండీ..." అని పిలిచేది.

అది సారిక గొంతు. శివరామకృష్ణ మొదటి భార్య. ఆవిడ జ్వరమొచ్చి పోయి మూడేళ్ళు దాటింది. గీజరు మాత్రం ఆవిడ ముచ్చటపడి కొనిపించుకున్నదే. అందుకని ఆ పిలుపు ఎవరికీ వింతగా తోచలేదు. పక్కింటి వెంకటదుర్గగారైతే, "సారిక పిలిచేసింది, పాలవాడు వచ్చే వేళయింది" అనుకుంటూ గిన్నె పట్టుకుని బయటికి వచ్చేది.

వింత సంగతి ఎలా ఉన్నా, లక్ష్మీదుర్గకి ఒళ్ళు మండేది. మండదూ మరి? తను "ఏమండీ, టిఫిను చల్లారిపోతోందండీ" అని నాలుగుసార్లు పిలిచినా పేపరు వెనకనుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. గీజరు ఒక్కసారి పిలిస్తే చాలు, శివరామకృష్ణ తువ్వాలు భుజాన వేసుకుని లేచేవాడు. "ఆఁ ఆఁ, చూద్దాంలే" అనేవాడు, ఎంతో మెత్తగా.

ఏం చూస్తారంట? పోయినావిడకీ ఈయనకీ మధ్య ఇంకా ఏం గుట్టు మిగిలిందంట? ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా చేతిలో అట్లకాడ పెనం మీద టకటకలాడిపోయేది.

పెళ్ళయిన ఈ ఏడాదిగా ఆ ఇంట్లో ఆమెది రెండో వంతే. కొత్త చీర కొంటే ముందు సారిక ఫొటో దగ్గర పసుపూ కుంకుమతో పెట్టాలి. ఆ తర్వాతే తను కట్టుకోవాలి. ముత్తైదువుగా పోయినావిడకి అది మర్యాద. దానికి ఆమె ఏనాడూ ఏడవలేదు. "అక్కా, కట్టుకుంటున్నా" అని దణ్ణం పెట్టి మరీ కట్టుకునేది. చీరంటే సరే. మొగుడు పలకడానికి కూడా రెండో వంతేనా?

"ఆ గీజరు తీయించేయండి. లేదంటే నేను మొగల్తూరు వెళ్ళిపోతాను, మా నాన్న దగ్గరికి," అంది ఒకరోజు.

"చూద్దాంలే," అన్నాడు శివరామకృష్ణ, ఎరువుల కొట్టు తాళాలు వెతుక్కుంటూ. ఈ 'చూద్దాంలే'లో మెత్తదనం లేదు. తనకి దక్కనిది ఆ మెత్తదనమే!

ఎజ్రాని ఆమే పిలిపించింది. ఆ వీధిలో మోటార్లూ గీజర్లూ అతనే బాగుచేస్తాడు. మూత విప్పి, లోపల రాడ్డుకి పట్టిన తెల్లటి ఉప్పంతా గీకి, నీళ్ళు మార్చి, మళ్ళీ బిగించి స్విచ్చి వేశాడు.

"ఏమండీ..." అంది గీజరు, ఇంకాస్త స్పష్టంగా.

"గురగుర తగ్గింది చూశారా అమ్మా," అన్నాడు ఎజ్రా సంతోషంగా. "ఇంక మిషనుకి ఏ రోగం లేదండి. సారికమ్మగారి గొంతు నేనేం చెయ్యనండి?"

లక్ష్మీదుర్గ ఆ రాత్రే బ్యాగు సర్ది గుమ్మం పక్కన పెట్టింది. తెల్లారాక మొదటి బస్సుకి వెళ్ళిపోదామనే అనుకుంది. పొద్దున్నే లేచి, అంట్లు వదిలేసి పోయిందన్న మాట ఎందుకని వంటింట్లోకి వెళ్ళి సింకు దగ్గర నిలబడింది. రోజూ ఈ వేళకి ఆమె బాత్రూం గుమ్మం దగ్గరే కాపలా ఉండేది, ఆయన ముఖం ఎలా వెలుగుతుందో చూసి కుళ్ళుకోవడానికి. ఇవాళ ఆయనే స్విచ్చి వేసుకున్నాడు. కుళాయి నీళ్ళకి ఆమె వేళ్ళు జివ్వుమన్నాయి.

"ఏమండీ..."

పిలుపు బాత్రూంలోంచి రాలేదు. ఆమె ముందున్న గోడలోంచి వచ్చింది.

గ్లాసు బోర్లించి గోడకి ఆనించి, చెవి పెట్టింది. గొంతు గోడలోని పైపు వెంట పాకి వస్తోంది. గ్లాసు జరుపుకుంటూ వెళితే పళ్ళేల స్టాండు దగ్గర గట్టిగా వినపడింది. స్టాండు పక్కకి లాగింది. వెనక బెత్తెడు పైపు ముక్క, దాని మూతికి బిగించిన బిరడా. చెవి ఆనించింది. బాత్రూంలో వినపడని మిగతా మాట ఇక్కడ వినపడింది.

"ఏమండీ... చేతులు కొంకర్లు పోతున్నాయండీ. ఆ ట్యాపు మళ్ళీ పెట్టించండీ."

గోడ అవతల నుంచి శివరామకృష్ణ మెత్తగా, "ఆఁ ఆఁ, చూద్దాంలే" అన్నాడు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. "ఇదేంటండీ?"

"అదా? సారిక గిన్నెలకని వేడినీళ్ళ ట్యాపు పెట్టించుకుంది. తను ఇక్కడ తిప్పితే అక్కడ నా నీళ్ళు చల్లబడిపోయేవి. తీయించేశాను."

"మళ్ళీ అడగలేదా?"

"అడక్కేం? రోజూ అడిగేది," అన్నాడు, పేపరు అందుకుంటూ.

లక్ష్మీదుర్గకి ఏడుపొచ్చింది. ఏడాదిపాటు తను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది ఇందుకా! చేతులు కొంకర్లు పోతున్నాయని మొరపెట్టుకునే ఆడమనిషి మీదా తను కుళ్ళి చచ్చింది! కొంగుతో ముఖం తుడుచుకుని ఎజ్రాకి ఫోను చేసింది. బస్సు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికల్లా ట్యాపు బిగిసింది. తిప్పగానే ముందు గాలి బుసకొట్టింది, తర్వాత తుప్పు నీళ్ళు, ఆ తర్వాత వెచ్చటి తెల్లటి నీళ్ళు. ఆమె రెండు చేతులూ ధార కింద పెట్టింది.

"చెల్లీ, కాగాయా?" అంది గీజరు.

"కాగాయక్కా."

బ్యాగు అటకెక్కింది. ఆ రోజునుంచి గీజరు "ఏమండీ" అనడం మానేసింది. పొద్దున్నే వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య రెండు గొంతులు ఏవేవో చెప్పుకునేవి, ఉన్నట్టుండి పకపకా నవ్వుకునేవి. వెంకటదుర్గగారు గోడ మీంచి తనూ ఓ మాట కలిపేది. బాత్రూం గుమ్మం దగ్గర శివరామకృష్ణ తువ్వాలు భుజాన వేసుకుని, చెవులు రిక్కించి నిలబడేవాడు. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఆయన ముఖం రోజురోజుకీ మాడిపోతూ వచ్చింది.

"దుర్గా! ఏంటి, అంత నవ్వుకుంటున్నారు? నాకూ చెప్పొచ్చుగా?"

వంటింట్లో నవ్వు ఇంకాస్త పెరిగింది.

"దుర్గా! నీళ్ళు చల్లగా వస్తున్నాయి. ఆ ట్యాపు కాస్త కట్టెయ్యవే!"

లక్ష్మీదుర్గ ట్యాపు ఇంకాస్త తిప్పి, "ఆఁ ఆఁ, చూద్దాంలెండి," అంది, ఎంతో మెత్తగా.